బేస్‌మెంట్‌లో మంత్రివర్గం

అమెరికాలో, అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టాలో మనవాళ్ల ఇంటికి బేస్‌మెంట్, బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ లేకపోతే గృహప్రవేశం అయినట్టు లెక్క కాదు. మా టీమ్ లీడ్ కూడా కట్టించుకున్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ పెట్టి, ఐదుగురు మగాళ్లను కిందికి దింపి, సముద్రంలోంచి పర్వతమంత జంతువు లేచొచ్చే జపాన్ సినిమా వేశాడు. పాత కథే, ఈమధ్య మళ్లీ తీశారు. ఆడవాళ్లూ పిల్లలూ పైన ఉన్నారు.

అందులో జంతువు కంటే మీటింగులే ఎక్కువ. అది ఊళ్లు తొక్కుకుంటూ వస్తుంటే మంత్రులు ఆ సంగతి చేపల శాఖ చూడాలా, ఓడరేవుల శాఖ చూడాలా అని తన్నుకుంటారు. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అందరికంటే నేనే గట్టిగా. "వీళ్లకి ఓట్లేసినవాళ్లని అనాలి, దద్దమ్మలు!" అన్నాను. అప్పట్లో నా దృష్టిలో, నేను తప్ప లోకమంతా దద్దమ్మలే.

సగం సినిమా అయ్యేసరికి మా ఆవిడ పాపను ఎత్తుకుని మెట్లు దిగి వచ్చింది. "ఏవండీ, దీని పెదాలు చూడండి, ఎలా వాచిపోయాయో!" ఆరేళ్ల మా పాప అంతకుముందెన్నడూ తినని పెకాన్ పప్పుల లడ్డూ తిన్నదట. ఒంటినిండా దద్దుర్లు. ఆయాసపడుతోంది.

లైట్లు వేశారు. ఇక మొదలైంది మా మంత్రివర్గం.

"ఎమర్జెన్సీ రూమ్ ఎందుకు? పక్కనున్న అర్జంట్ కేర్ క్లినిక్ చాలు," అన్నాడొకడు. "ముందు ఇన్సూరెన్స్ కార్డ్ తియ్ అన్నా, దానికి ఇన్-నెట్‌వర్క్ ఆస్పత్రి ఏదుందో చెక్ చేద్దాం," అన్నాడింకొకడు. లీడ్‌గారు పాప మొహం ఫొటో తీసి డాలస్‌లో డాక్టరైన బావమరిదికి వాట్సాప్ చేశాడు. "ఇంకా బ్లూ టిక్ రాలేదు, ఒక్క నిమిషం ఆగు," అన్నాడు.

ఛీ, ఆగాను! కన్నకూతురి గొంతు పూడుకుపోతుంటే ఇన్సూరెన్స్ యాప్ పాస్‌వర్డ్ రీసెట్ చేస్తూ కూర్చున్నాను. "కంగారు పడకు, వేడి చేసుంటుంది," అని ఎవడో వెధవ అంటే తల కూడా ఊపాను. లీడ్ మాట కాదని అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే అతని పరువు పోతుందేమోనని ఒక పక్క బెంగ. నా బతుకు చెడ, ఆ క్షణంలో నాకు అతని పరువు గుర్తొచ్చింది!

"డాడీ, ఐ కాంట్..." అంది పాప. మిగతా మాట రాలేదు.

మా ఆవిడ నా చేతిలో ఫోన్ లాక్కుని 911 కొట్టింది. "పిల్ల ఊపిరాడక కొట్టుకుంటుంటే కార్డులు వెతుక్కుంటారా? థూ, మీరూ ఒక మగాళ్లే!" అంది. పెళ్లయిన పదేళ్లలో ఆమె నలుగురిలో గొంతెత్తడం అదే మొదలు. అంబులెన్స్ వాళ్లు వస్తూనే పాప తొడలో ఇంజెక్షన్ పొడిచారు. కాసేపటికి పాప బిగ్గరగా ఏడ్చింది. అంత హాయైన ఏడుపు నేనెన్నడూ వినలేదు.

ఆస్పత్రిలో నర్సు వివరాలు రాసుకుంటూ, వాపు కనబడ్డాక ఎంతసేపటికి ఫోన్ చేశారని అడిగింది.

"ఐదు నిమిషాలకి," అన్నాను.

"ఇరవై," అంది మా ఆవిడ, పాప జుట్టు సవరిస్తూ, నా వైపు చూడకుండానే.

నర్సు ఇరవై అనే రాసుకుంది. తరవాతి ప్రశ్నలన్నీ మా ఆవిడనే అడిగింది.