కట్టె వాసన

యుద్ధంతో ఓడలు ఆగిపోయి, మా చిత్తూరు చర్చికి సీమ ద్రాక్షారసం రాలేదు. మా మామ ఇక్కడి నల్లద్రాక్షతోనే రసం తీసి, దొర పాదిరి వదిలివెళ్లిన ఓక్ కట్టె పీపాలో మాగబెట్టేవాడు. రుచి చూసేవాడు కాదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు.

“కట్టె వాసన దిగినాదబ్బా,” అన్న తర్వాతే అది చర్చికి చేరేది.

ఒక ఏడు విషజ్వరం ఆయన రుచినీ వాసననూ పట్టుకుపోయింది. ఆ సంగతి అత్తకు కూడా తర్వాతే తెలిసింది. ఆయన మాత్రం ఎప్పటిలాగే కళ్లు మూసుకుని, అదే మాట అన్నాడు.

ఆ రసం చర్చికి చేరిన ఆదివారం, అది నోట్లో పెట్టుకోలేనంత పులిసిపోయి ఉంది. ప్రభువు బల్ల దగ్గర దాన్ని తాగేటప్పుడు ఎవరూ మొహం చిట్లించలేదు. బయటికి వచ్చాక, ఎన్నడూ రసం ఊసెత్తని వాళ్లంతా మామ చెయ్యి పట్టుకున్నారు.

“శానా బాగుండాదన్నా!”

మామ ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు. ఇంటికొచ్చి అత్తతో అన్నాడు:

“ఇంక ఆ పీపాలో చింతపండు పెట్టుకో మే.”