ముందు వెన్ను

పామర్‌స్టన్ నార్త్ ఊరి శివారు పరిశోధన క్షేత్రంలో గొర్రెల్ని చూసుకునే రేవా తామిహానావి బలమైన భుజాలు. వయసులో ఉండగా ఉన్ని కత్తిరించే షెడ్లలో మూటలు మోసి గట్టిపడ్డవి. ముప్పై దాటిన కొత్తలో కడుపులో గడ్డలు లేచి, డాక్టర్లు ఆమె అండాశయాలు రెండూ తీసేశారు. ఇక పిల్లలు పుట్టరని ఆమె, మొగుడు హోహెపా కలిసి ఏడ్చారు. పోయింది అదొక్కటే అనుకున్నారు.

ఇరవై ఏళ్ల తర్వాత ఆమె సాకే ఆడగొర్రెలకూ అదే కోత పెట్టారు, ముట్లుడిగిన ఆడవాళ్ల ఎముకలు ఎలా గుల్లబారతాయో తెలుసుకోడానికి. మత్తు దిగేదాకా ఒక్కోదాని తల ఒళ్లో పెట్టుకుని రేవా కూర్చునేది.

ఒక మధ్యాహ్నం టీ తాగుతూ, ఆ పరిశోధన నడిపే ఫిలిప్పాను అడిగింది.

"ఎముకలన్నీ ఒకేసారి పోతాయా అమ్మాయ్?"

"లేదక్కా. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ ఆగిపోతే ముందు దెబ్బ వెన్నుపూసలకే. లోపల తేనెపట్టులా ఉంటాయి కదా, తొందరగా పలచబడతాయి. కాలి ఎముక గోడ దిట్టం, చాన్నాళ్లు ఆగుతుంది."

"అయితే నేనూ నీ మందలో దాన్నే. నావీ ఎప్పుడో తీసేశారుగా!"

ఫిలిప్పా కప్పు కింద పెట్టేసింది. "తర్వాత మందులేవీ ఇవ్వలేదా?"

"కుట్లు విప్పి ఇంటికి పొమ్మన్నారు, అంతే."

"రేపే స్కాన్ తీయించుకో అక్కా."

"పక్క మందలో గొర్రెలు ఈనడం అయిపోనీ, పోతాలే."

ఈతలు ఇంకా పూర్తవనేలేదు. వానకు నిండిన గుంటలో వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్న గొర్రెను లేపబోతే రేవా వెన్నులో ఏదో నలిగింది. గొర్రె లేచి వెళ్లిపోయింది. రేవా బురదలోనే ఉండిపోయింది.

రెండు పూసలు కుంగిపోయాయన్నారు ఆసుపత్రిలో.

"కాళ్లు మాత్రం భేషుగ్గా ఉన్నాయట. ఎక్కడికి నడవమంటారో!" అంది హోహెపాతో.

అతను నవ్వలేదు. "ఇన్నేళ్లలో ఒక్కడూ ఒక్క మాట చెప్పలేదే" అని గోడవైపు తిరిగిపోయాడు.

ఎముకలు పరీక్షించడానికి గొర్రెల్ని చంపే రోజున రేవా నడుముకు పట్టీ బిగించుకుని వచ్చింది.

"నువ్వు చూడొద్దక్కా, ఇంటికెళ్లు" అంది ఫిలిప్పా.

"వాటికి తెలిసిన మొహం ఒక్కటైనా ఉండొద్దా?"

వంగడం చేతకాలేదు. నిలబడే, వచ్చిన ప్రతిదాని నుదుటిమీదా చెయ్యి వేసి, అది వాలిపోయేదాకా ఉంది. ఆ తర్వాత మళ్లీ పనిలోకి రాలేదు.

ఆసుపత్రివాళ్లిచ్చిన మాత్రలు మిగిలిన ఎముకను నిలబెట్టాయి గానీ కుంగింది లేవలేదు. తమవాళ్లలో ఎవరైనా పోతే, అందరూ చేరే సభామందిరం వంటశాలలో పెద్ద గుండిగలు దించేది ఒకప్పుడు రేవానే. ఇప్పుడు కుర్చీ వేసి, తొక్క తీయమని చిలగడదుంపల గిన్నె చేతికిస్తున్నారు. మొన్న అక్కడే మేనకోడలి కూతురు వచ్చి, ఎత్తుకోమని రెండు చేతులూ చాచింది.

"తాత దగ్గరికి పో తల్లీ, ఆయన ఎత్తుకుంటాడు."

పిల్ల కదల్లేదు. చేతులు దించి, రేవా మోకాలికి తల ఆనించి నిలబడింది. రేవా తొక్క తీయడం ఆపి ఆ తల నిమురుతూ ఉండిపోయింది.