సౌండు పోయిన సినిమాకి గట్టిమేళం

టెంపరరీ ఉద్యోగం అనే మాటలో మొదటి సగం ఎంత బరువో చేసినవాళ్ళకే తెలుస్తుంది. తిరుపతిలో మిట్టమధ్యాహ్నం రోడ్డు దాటడానికి అటూ ఇటూ చూడనక్కరలేని ఆ కాలంలో, నేనొక ఆడపిల్లల కాలేజీ ఫిజిక్సు ల్యాబులో డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. వేసవి సెలవులకు ముందు ప్రిన్సిపాల్ మేడం తలూపితే మరుసటేడు కూడా ఉంటాను. ఊపకపోతే పుత్తూరుకు పోయి, మా నాయన చూసిపెట్టిన సంబంధాల వాళ్ళకు కాఫీలు అందిస్తాను. పెళ్ళంటే నాకు పడదని కాదు, నెలజీతం చేతిలో పడ్డాక కాఫీ తాగడం మీదే తప్ప అందించడం మీద ఆసక్తి లేకుండా పోయింది. ఆ మేడంకు పిల్లలు పెట్టుకున్న పేరు సైలెన్సు మేడం. వరండాలో పిచ్చుక అరిచినా ‘సైలెన్స్’ అనేవారు. ఆవిడ ఎదుట నిలబడితే నా గుండె చప్పుడుకి ఎక్కడ కోప్పడతారోనని నాకు భయంగా ఉండేది.

ఆ ఏడు కాలేజీ డేకి చిత్తూరు నుంచి ఒక పెద్ద ఆఫీసరు ముఖ్య అతిథిగా వస్తున్నారు. విదేశాలు చూసొచ్చిన మనిషి, సంగీతమంటే చెవి కోసుకుంటారని వినికిడి. ఆయన్ని మెప్పించడానికి మేడం మద్రాసు నుంచి ఒక డాక్యుమెంటరీ రీలు తెప్పించారు. అమెరికాలో జాజ్ వాయించేవాళ్ళ మీద తీసిన సినిమా అది. ప్రొజెక్టరు కరెంటుతో నడుస్తుంది, కరెంటు ఫిజిక్సు కిందికి వస్తుంది, కాబట్టి ఆ భారం నా మీద పడింది (మా కాలేజీలో ఫ్యాను కిర్రుమన్నా ఫిజిక్సే జవాబు చెప్పాలి). ముందురోజు ల్యాబులో తలుపులు మూసుకుని ఒక్కదాన్నే వేసి చూసుకున్నాను. ముందు రాసిపెట్టుకున్నది ఏదీ లేకుండా వాళ్ళు అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయిస్తారట. ఒకాయన బాకా ఎత్తి ఒక ముక్క వాయించి వదిలేస్తే, ఇంకొకాయన దాన్ని పట్టుకుని ఎటో వెళ్ళిపోతాడు. ఇక తిరిగి రాడేమోనని మనం దిగులు పడుతుండగా సరిగ్గా బయలుదేరిన చోటికే వచ్చి వాలుతాడు. ఆ సంగీతం నచ్చిందో లేదో చెప్పలేను గానీ, ఆ దిగులు మాత్రం నాకు బాగా అలవాటైనదే. చివర్లో ఆ బృందంలోని ముసలాయన ఒకరు చనిపోతారు. స్నేహితులు బ్యాండు వాయిస్తూ శవపేటికను సాగనంపుతారు, తిరిగొచ్చేటప్పుడు గొడుగులు ఊపుకుంటూ చిందులేస్తారు. చావింటి నుంచి చిందులేస్తూ రావడమేమిటని ఆ రాత్రి అన్నం తింటూ కూడా ఆలోచించాను.

మరుసటి సాయంత్రం ఆఫీసరు గారిని పూర్ణకుంభంతో, మేళంతో లోపలికి తీసుకొచ్చారు. మేళం వాళ్ళది వడమాలపేట. నాగసరం వాయించే పెద్దాయన, డోలు వాయించే ఆయన అల్లుడు, ఇద్దరే. అతిథిని మళ్ళీ కారెక్కించేదాకా వాళ్ళుండాలి కనుక తెర పక్క తలుపు దగ్గర చాప వేసి కూర్చోబెట్టారు. కాఫీ చల్లారిందని పెద్దాయన గొణుగుతూనే ఉన్నాడు. దీపాలార్పారు. నేను హాలు చివర బల్ల మీదున్న ప్రొజెక్టరు నడిపించాను. బొమ్మ పడింది. సౌండు రాలేదు.

రీలు అంచున ఉండే సౌండు గీతను చదవడానికి ప్రొజెక్టరులో ఒక చిన్న బల్బు ఉంటుంది. అది మాడిపోయింది. ఇంకో బల్బు కావాలంటే మద్రాసు పోవాలి. తెర మీద నల్లటి పెద్దమనిషి ఒకాయన బుగ్గలు పూరించి బాకా ఊదుతున్నాడు, ప్రొజెక్టరు మాత్రం టకటకమని తిరుగుతోంది. పిల్లల్లో కిసకిసలు మొదలయ్యాయి. మొదటి వరసలోంచి మేడం తల మెల్లగా నా వైపు తిరిగింది. నాకు పుత్తూరు బస్సు కళ్ళ ముందు కనిపించింది.

సరిగ్గా అప్పుడు ఎవరో (ఆఫీసరు గారేనని తరవాత తెలిసింది) హాలు అదిరేలా తుమ్మారు.

మా వైపు పెళ్ళిళ్ళలో ముహూర్తం వేళ ఎవరైనా తుమ్మినా, అనరాని మాట అన్నా, అది పెళ్ళికొడుకు చెవిన పడకుండా మేళగాళ్ళు గట్టిమేళం వాయించి కప్పేస్తారు. అది వాళ్ళ చేతులకు పట్టిన అలవాటు, ఆలోచించి చేసే పని కాదు. తుమ్ము వినగానే అల్లుడు డోలు మీద దడదడలాడించేశాడు, మామ నాగసరం ఎత్తుకున్నాడు. విచిత్రం ఏమిటంటే అదే క్షణాన తెర మీద డ్రమ్ముల ఆయన కూడా పుల్లలతో విరుచుకుపడుతున్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆఫీసరు గారు వెనక్కి వాలి, బాగుంది కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపారు. ఇదంతా నేను ముందే ఏర్పాటు చేశాననుకున్నారేమో, మేడం తల మళ్ళీ ముందుకు తిరిగింది.

ఇక వాళ్ళు ఆగలేదు. పెద్దాయన తెర వైపు తిరిగి కూర్చుని, బాకా ఆయన బుగ్గలు ఉబ్బితే తనూ ఉబ్బించాడు, ఆయన ఊపిరి తీసుకుంటే తనూ తీసుకున్నాడు. అల్లుడికి డ్రమ్ముల ఆయనతో పోటీ పట్టుకుంది. మధ్యలో ఒకసారి ఇద్దరూ తాళం తప్పి తిట్టుకున్నారు కూడా. హాలంతా పండగలా ఉంది. చివర ఏం రాబోతోందో మాత్రం ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు.

మంగళవాద్యం చావుకు వాయించరు. మా వైపు దానికి పలకలు వేరే ఉన్నాయి, కొట్టేవాళ్ళు వేరే ఉన్నారు. తెల్లారితే పెద్దాయన ఏర్పేడులో ఒక పెళ్ళికి వాయించాలి. శవం ముందు నాగసరం ఊదినాడట అనే మాట ఆ పెళ్ళింటికి చేరడానికి ఎంతసేపు? హాలు నిండా ఆ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలే. నా పరువు కాపాడుతున్న మనిషికి నేనే ఆ మాట అంటగడుతున్నాను. వెళ్ళి చెబుదామంటే ప్రొజెక్టరు వదలడానికి లేదు. ఆపేద్దామంటే మేడం ఉన్నారు. ఇంతలో తెర మీద ఆ ముసలాయన కిటికీ పక్కన కూర్చుని చుట్ట కాల్చే దృశ్యం వచ్చింది. దాని తరవాతదే శవపేటిక.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. నా వేళ్ళు రాక్షసుడి వేళ్ళలా తెర మీద పడ్డాయి. గబగబా చీర కొంగు మడతలు పెట్టి లెన్సు మీద కప్పేశాను. హాలు చీకటైపోయింది. డోలు ఆగింది. నాగసరం ఒక్కటే ఆగకుండా, వేగం తగ్గించి, సన్నగా, నెమ్మదిగా సాగింది. ఏ రాగమో నాకు తెలియదు. అంతమంది పిల్లల్లో ఒక్కరూ కదల్లేదు. నేను ఆ కాలేజీలో ఉన్నన్నాళ్ళలో మేడం అడగకుండా వచ్చిన సైలెన్సు అదొక్కటే. భయంతో ఏడుస్తున్నానో, ఆ పాటకు ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. కొంగు కాస్త ఎత్తి చూస్తే టోపీలు తీసిన మనుషులు నడుస్తున్నారు. మళ్ళీ మూసేశాను. ఇంకోసారి ఎత్తేసరికి గొడుగులు కనిపించాయి. కొంగు తీసేశాను. చిందులేసే జనాన్ని చూడగానే అల్లుడు డోలు అందుకున్నాడు.

ఆఫీసరు గారు మెచ్చుకున్నారు. అన్నిటికన్నా మధ్యలో చీకటి చేయడం గొప్ప ఆలోచన అన్నారట. అందరూ వెళ్ళాక నేనే వేడి కాఫీ తీసుకెళ్ళి (చివరికి అందించక తప్పలేదు) పెద్దాయనకిచ్చాను. ఆయన ఒక గుక్క తాగి, నా మొహం చూడకుండా అడిగాడు.

“ఏమ్మా, ఆ సీకట్లో సావుండాది గదా?”

తలూపాను.

“కిటికీ కాడ ముసలాయన మొగం సూస్తానే అనుకుంటి. పెండ్లిలో ఎవురన్నా తుమ్మితే మేం డోలుతో మూస్తాం. నువ్వు కొంగుతో మూసినావు. అంతే గదమ్మా.” ఇంకో గుక్క తాగి, “వాళ్ళు సావుకి గూడా వాయిస్తారా?” అన్నాడు.

వాయిస్తారని, తిరిగొచ్చేటప్పుడు ఆడతారని చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. “మా నాయన పోయినప్పుడు వాయించాలని నాకూ ఉండె,” అన్నాడు. నాగసరాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని లేచాడు.

మేడం తలూపారు. మరుసటేడూ ఉన్నాను, ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ఉన్నాను. ఈ మధ్య మా అన్న మనవరాలు ఫోనులో ఏదో వెతికి, అవ్వా నువ్వు చెప్పే సినిమా ఇదేనా అని నా ముందు పెట్టింది. అదే. ఈసారి సౌండు శుభ్రంగా వస్తోంది. పాపం, బాగానే వాయిస్తున్నారు, కానీ నా చెవులకు ఏదో వెలితి. డోలు ఏదీ అని అడిగితే పిల్ల నవ్వింది. ముసలాయన కిటికీ పక్కన చుట్ట ముట్టించాడు. ఇప్పుడు నాకు ఆయనకన్నా ఎక్కువ వయసే ఉంటుంది. చూస్తుండగానే నా చెయ్యి దానంతటదే కొంగు తీసి ఫోను మీద కప్పింది.

“అవ్వా, ఏం కనిపించడంలేదు,” అంది పిల్ల.

“ఉండమ్మా,” అన్నాను. “గొడుగులు రానీ, తీస్తాను.”