గ్రహణంలో చక్కెర నీళ్లు

మా బిల్డింగు డాబా మీద అంతమంది జనాన్ని నేను బతుకమ్మ పండక్కి కూడా చూడలేదు. క్రిస్మస్ మర్నాడు పొద్దున్నే సూర్యగ్రహణం. నాచారంలో మేముండే ఆ బిల్డింగులో వారం ముందునుంచీ అదే గోల. మా ఆయన ఉప్పల్ పోయి నల్ల కళ్లద్దాలు తెచ్చి పిల్లలందరికీ పంచాడు. ఆయనకి ఫోన్లో సైన్సు వీడియోలు చూసే పిచ్చి. రాహువు లేడు, కేతువు లేడు, అంతా నీడేనని మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లకీ చెప్పేవాడు. పై అంతస్తులో కొత్తగా దిగిన సాఫ్ట్‌వేర్ జంటయితే, గ్రహణం పట్టి ఉండగానే ఇడ్లీ తింటామని పంతం పట్టి టిఫిను డబ్బాతో సహా డాబా ఎక్కారు.

కింద సంగతి వేరు. తలుపులన్నీ మూసేశారు. ఎదురింటావిడ ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టి, గ్రహణ మహిమ అంటూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టింది. ఆ రోకలి అడుగు చదును, ఏ రోజు నిలబెట్టినా నిలబడుతుంది. చెబితే ఎవరు వింటారు? మా అత్తమ్మ గ్రహణం పట్టగానే పట్టు స్నానం చేసి, పచ్చడి జాడీ మీదా పెరుగు గిన్నె మీదా గరిక పోచలు వేసి, తడి జుట్టుతో దేవుడి గదిలో కూర్చుంది. నాకు పైవాళ్ల సంబరమూ లేదు, కిందివాళ్ల భయమూ లేదు. బట్టలు నానబెట్టుకోవాలి, అంతే నా ఫికరు.

బాత్రూముకి పోతూ చెత్తబుట్టలో చూశాను. అత్తమ్మ షుగరుకి వేసుకునే ఇన్సులిన్ సూది. కొత్తది, అప్పుడే పడేసినది. అది వేసుకుని తినకపోతే షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దేవుడి గదికి పరుగెత్తాను.

"అత్తమ్మా, సూది ఏస్కున్నరా?"

"ఏస్కున్న. పొద్దుగాల్నే."

"మరి ఏం తినలేదు గదా?"

"గ్రహణంల ఎట్ల తింట? విడిచినంక తానం జేసి తింట."

"తినకుంట సూది ఎందుకు ఏస్కున్నరు?"

"సూది తిండా ఏంది పిల్లా? నోట్లకెల్లి పోతదా అది?"

ఆమె లెక్క ఆమెకుంది. నోటితో మింగేదే తిండి, దానికే మైల. సూది చర్మంలోకి పోతుంది కాబట్టి దానికి నియమం అంటదు. ఆ లెక్కకి ఎదురు చెప్పే తెలివి నాకు లేదు, చెప్పినా వినే ఓపిక ఆమెకి లేదు. మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి డాబా మీదికి పోయాను. మా ఆయన ఆకాశం వైపు తల ఎత్తుకుని నిలబడి ఉన్నాడు.

"కిందికి రాండ్రి. అత్తమ్మ సూది ఏస్కొని ఏం తినలేదు."

"జర ఆగు, ఇప్పుడే సగం వట్టింది. అమ్మకేం గాదు," అన్నాడు, కళ్లద్దాలు తీయకుండానే. "నువ్వు గూడ ఒక్కసారి సూడు."

నేను చూడలేదు. కిందికి వచ్చేసరికి అత్తమ్మ గోడకి ఒరిగిపోయి ఉంది. ఒళ్లంతా చెమట, రవికె తడిసిపోయింది. రామ రామ అంటున్న నోరు ఏదో నములుతున్నట్టు కదులుతోంది గానీ మాట రావడం లేదు. చక్కెర డబ్బా బోర్లించి గ్లాసులో కలిపాను. ముందు వేలితో కాస్త చక్కెర దవడ లోపల రాశాను. మింగుతోందని చూసుకుని చెంచాతో నీళ్లు పోశాను. కొంచెం సేపటికి కళ్లు తెరిచింది. ఆమె అడిగిన మొదటి మాట, "విడిచిందా?"

విడిచిందంటే ఏం పోయేది! కానీ నా నోటికి నిజమే వచ్చింది. "ఇంకా లేదు," అన్నాను.

నోట్లో ఉన్నది ఉన్నట్టు కొంగులో ఉమ్మేసింది. అప్పుడు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. గడ్డం గట్టిగా పట్టుకుని మిగతా గ్లాసు పట్టించాను. ఏడుస్తూ మింగింది.

గ్రహణం విడిచాక మా ఆయన దిగి వచ్చాడు, ముఖం వెలిగిపోతూ. వీధి చివరి డాక్టరుకి చూపిస్తే ఆయన నన్నే మెచ్చుకున్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని మా ఆయన ఎదుటే ఆ డాక్టరు అన్నాడు. సాయంత్రం ఉప్పల్ నుంచి ఆడబిడ్డ వచ్చేసరికి కథ మారిపోయింది. "గ్రహణంల నా నోరు మైల జేసింది బిడ్డా," అని అత్తమ్మ శోకం. పొద్దున్నంతా నీడ పాఠాలు చెప్పిన మా ఆయన తల్లి పక్కన కూర్చుని, "దానికి తెల్వదమ్మా, తప్పైంది. శాంతి చేపిద్దాం," అన్నాడు. నా తరఫున ఆయనే క్షమాపణ చెప్పేశాడు. నన్నెవరూ అడగలేదు.

గుడికి పోయాం. పూజారి అంతా విని, "ముసలివాళ్లకీ రోగులకీ ఈ నియమం లేదమ్మా," అన్నాడు.

"నాకేం రోగమున్నది అయ్యగారూ? షుగరే గదా," అంది అత్తమ్మ.

ఆయన శాంతి చేసి పంపాడు.

ఆ తరువాత మా ఇంట్లో ఏది చెడ్డా దానికి నా చక్కెర నీళ్లే కారణం. ఆడబిడ్డ కూతురి సంబంధం తప్పిపోయినా అదే, మా ఆయన ప్రమోషన్ ఆగినా అదే. ఆఖరికి కరోనా వచ్చినా, గ్రహణం నాటి పాపం ఊరికే పోతదా అంది అత్తమ్మ. చుట్టాలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కొన్నేళ్లకి దీపావళి మర్నాడు సాయంత్రం మళ్లీ గ్రహణం వచ్చింది. ఈసారి డాబా మీద ఎవరూ లేరు. పండగ అలసట, పైగా పొద్దు గుంకే వేళ కొంచెమే కనబడుతుందట. మా ఆయన సోఫాలో పడుకుని ఫోన్లో చూస్తున్నాడు. అత్తమ్మ మాత్రం ఏమీ మారలేదు. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. సూది వేసుకుందో లేదో చెప్పలేదు. గ్రహణం పట్టకముందే తన గదిలోకి పోయి లోపల గొళ్లెం పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ తలుపు బిగించుకోలేదు. నేను లోపలికి రాకుండా బిగించుకుంది.

తలుపు బయట నేల మీద కూర్చున్నాను. కాసేపటికోసారి తట్టాను. ఒక దశలో లోపల రామనామం ఆగిపోయింది. తలుపుకి చెవి ఆనించాను.

"అత్తమ్మా, ఒక్కమాట పలుకుండ్రి. మంచిగున్నరా?"

మళ్లీ తట్టాను. చివరికి తలుపు వెనకనుంచే, విసుగ్గా అంది:

"బతికే ఉన్న. నువ్వు సావనిస్తవా? పో."

లేచి వంటింట్లోకి పోయాను. మొదటి గ్రహణం నాడు నేను తన ప్రాణం నిలబెట్టానని ఇన్నేళ్లలో ఆమె ఒప్పుకున్నది అదొక్కసారే, అదీ తిట్టుగా.