క్యాల్షియం డబ్బాలో టెనోఫోవిర్

ఉగాది వెళ్లిన మూడో రోజు పొద్దున కందులు చెరగడానికి పీట మీద కూర్చున్నాను. లేవబోతే లేవలేకపోయాను. మోకాలి నొప్పి నాకు కొత్త కాదు. అది కీలులో ఉంటుంది, నడిస్తే సర్దుకుంటుంది. ఇది తొడ ఎముక లోపలి నుంచి వచ్చింది, నడిస్తే పెరిగింది. ఆ తేడా నాకు ఆ రోజే తెలిసింది. డాక్టర్లకు తెలియడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాది గురించి కోపంతోనే రాస్తున్నాను.

మాది నారాయణఖేడ్. ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు. మా పప్పు మిల్లు లెక్కలు చాలా ఏళ్లు నేనే రాశాను. ఆ అలవాటుతో నా రిపోర్టులన్నీ తారీఖు వరుసలో పెట్టుకుంటాను. నా భర్త చనిపోయిన ఏడాది చేసిన పరీక్షల్లో నాకు హెచ్ఐవీ ఉందని తేలింది. అప్పటి నుంచి జిల్లా దవాఖానలో హెచ్ఐవీ గోలీలిచ్చే ఏఆర్టీ సెంటర్ మందులు ఒక్క పూట కూడా తప్పలేదు. ఆ రోజుల్లో వాడేది మూడు మందులు కలిసిన ఒకే గోలీ: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. వైరస్ అదుపులోనే ఉండేది.

సెంటర్‌కు వచ్చే మా అందరిదీ ఒక అలవాటు. మందుల డబ్బా చేతికి రాగానే బస్టాండులో ఒక మూల నిలబడి లేబుల్ చింపేస్తాం, గోలీలు వేరే డబ్బాలో పోసుకుంటాం. నాకు ఇది నేర్పింది నాగల్‌గిద్ద దిక్కు నుంచి వచ్చే ఈరమ్మ.

"గీ డబ్బా పట్టుకొని బస్సెక్కితే నీకన్నా ముందు నీ రోగం ఇల్లు చేరుతది అక్కా" అని నవ్వింది.

ఆమె వాము డబ్బాలో పోస్తుంది. నేను క్యాల్షియం డబ్బాలో పోసేదాన్ని. మా కోడలు శోభ లెక్కలో కూడా అవి క్యాల్షియం గోలీలే.

నొప్పి తగ్గకపోతే శోభ నన్ను ఊళ్లో ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది.

"ముసలామె ఏమన్న గోలీలు వాడుతుందా?" నన్ను కాదు, శోభను అడిగాడు.

"క్యాల్షియం ఒక్కటే సార్."

నేను నోరు విప్పలేదు. ఆ గదికి తలుపు లేదు, పరదా ఉంది. పరదా అవతల బెంచీ మీద మా వీధివాళ్లు కూర్చుని ఉన్నారు. అటువంటి చోట హెచ్ఐవీ అనే మాట ఎవరు పలుకుతారు?

"వయసు కదా అవ్వా, ఎముకలు అరుగుతయ్" అని డైక్లోఫెనాక్ అనే నొప్పి గోలీ రాశాడు. రెండు పూటలా శోభ మరిచిపోకుండా నా చేతిలో పెట్టేది. కాసేపు హాయిగా ఉండేది, మళ్లీ మొదలయ్యేది.

చలికాలానికి పాదాలు వాచాయి. సెంటర్‌లో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేశారు. ఎప్పుడూ 0.8 ఉండేది 1.3 అయింది.

"డోలుటెగ్రావిర్‌తో గట్లనే కొంచెం పెరిగినట్టు కనబడుతది, పరేషాన్ కావద్దు" అన్నాడు అక్కడి డాక్టర్, తల ఎత్తకుండా.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ పెరుగుదల మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో వచ్చి ఆగిపోతుందట. నేను మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. పాత రిపోర్టులు ఆయన ముందు పెట్టి, "మొన్నటిదాకా 0.8 ఉండె కదా సార్" అన్నాను.

"నీ వెనక లైను చూడమ్మా" అన్నాడు. రిపోర్టులు చూడలేదు.

రెండు నెలలకు అది 2.1 అయింది. అన్నం చూస్తేనే వాంతి వచ్చేది. అదృష్టం, ఈసారి సెంటర్‌లో కొత్త డాక్టరమ్మ ఉంది. మూత్రం కూడా పరీక్ష చేయించింది.

"రక్తంల షుగర్ ఎక్కువ లేదు, మూత్రంల పోతుంది. ప్రోటీన్ కూడా పోతుంది. రక్తంల ఫాస్ఫేట్ తగ్గింది." పెన్ను కింద పెట్టింది. "నొప్పులకు ఏమన్న వాడుతున్నవా అమ్మా?"

డైక్లోఫెనాక్ అని చెప్పాను. ఆమె ముఖం మారింది.

అప్పుడు తెలిసింది. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీని దెబ్బతీస్తుంది. వయసు మళ్లినవాళ్లకు, బరువు తక్కువ ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. ఫాస్ఫేట్ మూత్రంలో పోయి ఎముకలు మెత్తబడతాయి, నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటే కిడ్నీకి ఇంకో దెబ్బ. శోభ ప్రేమతో ఇచ్చిన ప్రతి గోలీ నా కిడ్నీ మీదికే పోయింది.

"ఇదేమన్న కొత్త సంగతా?" అని అడిగాను.

"కాదమ్మా, ఎప్పటి నుంచో రీసెర్చ్ ఉంది. డబ్బాతోని ఇచ్చే కాగితంల కూడ ఉంటది."

చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల కాగితం. మేం బస్టాండులో పారేసేది అదే. తెలిసినవాళ్లు నోటితో ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది కదా?

"అయితే ఇగ ఈ మందే వద్దు" అన్నాను.

"ఆపితే వైరస్ లేస్తది. ఆపం, మారుస్తం. డయాలిసిస్ దాకా పోవద్దంటే నొప్పి గోలీ ఇవ్వాళ్టి నుంచి బంద్."

టెనోఫోవిర్ తీసేసి అబాకవిర్ ఇచ్చింది. దానితో జ్వరం, దద్దుర్లు వస్తే జల్దీ దవాఖానకు రావాలని రెండుసార్లు చెప్పించుకుంది. ఒక మందు ముప్పు నా చెవిన వేసిన మొదటి మనిషి ఆమే.

ఇంటికొచ్చి శోభకు రోగం సంగతి, మందుల సంగతి చెప్పాను. ఆమె అరిచింది.

"రోగం దాచుకో అత్తా, నీ ఇష్టం. నా చేతులతోని నీకు విషం ఎందుకు పెట్టిచ్చినవ్?"

నెల తిరిగేసరికి నాతో సెంటర్‌కు వచ్చింది. ఇప్పుడూ వస్తుంది.

ప్రస్తుతం క్రియాటినిన్ 1.2. తిరిగి 0.8కి రాలేదు, రాకపోవచ్చు అన్నారు. చాట ఎత్తగలను, కందులు చెరగగలను.

నేను చెప్పేది ఒక్కటే. రోగం ఊరికి చెప్పొద్దు. మందు పేరు మాత్రం ఏ డాక్టర్ దగ్గరా దాచొద్దు. లేబుల్ ఉన్న డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లండి, నొప్పి గోలీ రాయకముందే డాక్టర్ ఎదుట పెట్టండి. బెంచీ మీద మనుషులుంటే వాళ్లను బయటికి పంపమనండి. మా ఊళ్లో ఆ డాక్టర్ దగ్గర నేను అలాగే అన్నాను. పంపాడు.

మొన్న బస్టాండులో ఈరమ్మ నా డబ్బా చూసింది. "ఏంది అక్కా, చింపలే?"

"ఈరమ్మా, నీ నడుం నొప్పికి ఏం వేసుకుంటున్నవ్?"

అప్పటికే ఆమె తన డబ్బా లేబుల్ సగం చింపింది. చెయ్యి ఆగింది. కొంగు ముడి విప్పి చూపించింది. అదే డైక్లోఫెనాక్ గోలీ.

మా ఊరి మీదుగా పోయే నాగల్‌గిద్ద బస్సు వచ్చి వెళ్లిపోయింది. మేం ఎక్కలేదు. సగం లేబుల్ ఉన్న ఆ డబ్బా పట్టుకుని ఇద్దరం సెంటర్‌కు వెనక్కి నడిచాం.