సాయన్న అనని మాట

ఇన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. బరువు అంటే ఏదో గొప్ప మాటలా ఉంది. ఉన్నదున్నట్టు చెబుతాను. నేనొక మనిషి నోట్లో అతను అనని మాట పెట్టాను. దానివల్ల అతనికి రావలసింది రాలేదు. నాకు పోవలసింది పోలేదు. ఇది నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఎనభైల చివర్లో మస్కట్ వెళ్ళాను. అల్ ఖువైర్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసు. అందులో మేనేజరుకు సెక్రటరీని. ఆయన ఇంగ్లీషువాడు, మాట తక్కువ మనిషి. ఉత్తరాలు టైపు చేయడం, ఫోన్లు ఎత్తడం, ఎవరైనా వస్తే టీ చెప్పడం నా పని. రూవిలో నలుగురం కలిసి ఒక రూమ్‌లో ఉండేవాళ్ళం.

మేనేజరుకూ కొందరు ఇంజినీర్లకూ తుపాకీతో గురి కొట్టే సరదా ఉండేది. మా ఒమానీ యజమాని సర్కారు అనుమతి తెప్పించి ఇచ్చాడు. అల్ హైల్ దాటాక, కొండల వైపు, ఒక ఎండిన వాగులో చోటు చూసుకున్నారు. శుక్రవారం పొద్దున్నే వెళ్ళేవాళ్ళు. వాళ్ళ సామాను, మంచినీళ్ళు, తిండీ చూసుకోవడానికి నేనూ వెళ్ళేవాణ్ణి. ఒకరోజు మేనేజరు తన రైఫిల్ నా చేతికిచ్చి కొట్టి చూడమన్నాడు. దూరాన వేలాడుతున్న ఇనుప రేకు ఖంగుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. టీ చల్లారిందని నన్ను పిలిచే మనుషులు ఆ రోజు నా భుజం తట్టారు. ఆ చప్పట్లు నా తలకెక్కాయి. ఎంతగా ఎక్కాయో అప్పుడు నాకు తెలియలేదు.

రేకులు వేలాడదీయడం, కాగితపు గుర్తులు మార్చడం సాయన్న పని. కరీంనగర్ వైపు మనిషి. వారమంతా సైట్‌లో మేస్త్రీ చేతికింద డ్యూటీ, సెలవు రోజున ఇది. మా వాళ్ళు కాలుస్తున్నంతసేపూ ఎర్రజెండా పైనుండేది. అప్పుడతను రేకుల పక్కన పేర్చిన రాళ్ళగోడ వెనక కూర్చోవాలి. జెండా దించాకే లేవాలి. ఆ మైదానంలో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. తిరిగొచ్చేటప్పుడు వ్యాను వెనక సీట్లో నా పక్కన కూర్చుని ఇంటి సంగతులు చెప్పేవాడు. జొన్నరొట్టె మీద బెంగ అనేవాడు. అతని కబుర్లు నాకు నచ్చేవి. కానీ ఇంజినీర్లు చూస్తున్నప్పుడు ముక్తసరిగా జవాబిచ్చేవాణ్ణి. ఇదీ చెప్పాలి కదా?

కొన్నాళ్ళకు యజమాని ఒక షరతు పెట్టాడు. ఏదైనా పేరున్న షూటింగ్ సంఘంలో ఈ గుంపును క్లబ్బుగా చేర్చాలి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ ఉండాలి, లేదంటే మైదానం మూసేస్తానన్నాడు. ఏ సంఘమైతే బాగుంటుందో చూడమని మేనేజరు ఆ పని నాకప్పగించాడు. రెండు సంఘాలు మిగిలాయి. రెండూ బయటి దేశాలవే. ఒకటి పాతది. వాళ్ళ ఇన్సూరెన్స్ మైదానంలో పనిచేసే వాళ్ళకు కూడా వర్తిస్తుంది. అయితే ముందు వాళ్ళ మనిషి వచ్చి చోటు చూస్తాడు. గోడ ఎత్తు, దూరం, అన్నీ చూసి సరేనంటేనే చేర్చుకుంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చాలాకాలం శిష్యులుగానే ఉండాలి, పోటీల్లో నిలబడకూడదు. రెండోదానికి అవేమీ లేవు. చూడటానికి ఎవరూ రారు. చేరిన ప్రతివాడూ పూర్తి సభ్యుడే, చొక్కాకి పెట్టుకునే బిళ్ళ కూడా ఇస్తారు. వాళ్ళ ఇన్సూరెన్స్ మాత్రం సభ్యులకే.

నేను రెండోది ఎంచుకున్నాను.

ఎందుకు? తొందరగా అవుతుందని మేనేజరుతో అన్నాను. అది నిజమే, కానీ అసలు కారణం కాదు. ఆ బిళ్ళ నాకు కావాలి. వాళ్ళ పక్కన, వాళ్ళ వరసలో, రైఫిల్ పట్టుకుని నిలబడాలి. శిష్యుడిగా కాదు, సభ్యుడిగా. అంతే. ఇంత చిన్న కోరిక. పనివాళ్ళకు కూడా వర్తిస్తుందా అని మేనేజరు అడిగాడు. అందరికీ అన్నాను. ఆయన నా మాట నమ్మి సంతకం చేశాడు. తర్వాత సాయన్న కూడా వ్యానులో అదే అడిగాడు, తనకేమన్నా అయితే ఇంటిదగ్గర పిల్లలకు దిక్కుంటుందా అని. ఉంటుందన్నాను. నవ్వుతూ అన్నాను.

ఒక శుక్రవారం నేను బిళ్ళ పెట్టుకుని నా వంతు కోసం చూస్తున్నాను. ఒక ఇంజినీరు కాల్చిన గుండు రేకు అంచుకు తగిలి చిట్లింది. గోడ వెనక నుంచి కేక వినిపించింది. పరుగెత్తాం. సాయన్న గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం. ఆ గోడ అతని తలకన్నా పొట్టిదని ఆ రోజు మొదటిసారి గమనించాను. ముందు చేరుకున్నది నేనే. మిగతావాళ్ళు వచ్చేసరికి అతన్ని లేపి గోడ ఇవతలికి తీసుకొచ్చేశాను. అతను గోడ వెనకే ఉన్నాడని కళ్ళారా చూసింది నేనొక్కణ్ణే.

కన్ను పోయింది. డాక్టర్లు చేయగలిగింది చేశారు.

సంఘం వాళ్ళు తమకు సంబంధం లేదన్నారు. ఆరోజు డ్యూటీ కాదు కాబట్టి తమకూ సంబంధం లేదని కంపెనీ అంది. మేనేజరు నన్ను పిలిచి అడిగాడు, అందరికీ వర్తిస్తుందన్నావు కదా అని. అప్పుడే నిజం చెప్పి ఉండొచ్చు. గోడ వెనక ఉన్నప్పుడే వర్తిస్తుందండీ, అతను ముందే లేచాడేమో, అన్నాను. నోటికొచ్చింది అనేశాను. అతన్నే అడుగుదాం, గోడ వెనకే ఉంటే తప్పు మనది, కంపెనీ చేత నేను ఇప్పిస్తాను, అన్నాడు. ఆయన మాట అంటే మాటే.

సాయన్న కంటికి కట్టుతో వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. మేనేజరు అడిగింది నేను తెలుగులో అడిగాను.

"జెండా దించకముందే లేచావా సాయన్నా?"

"లేదు సారూ. గోడెనకనే కూసున్న. జెండ దించకుంట నేనెన్నడన్న లేసిన్నా? నీకెరికే గద."

నీకెరికే గద. అవును, నాకెరుకే.

మేనేజరు నా వైపు చూస్తున్నాడు. ఈ మాట ఇంగ్లీషులోకి మారిస్తే గోడ సంగతి వస్తుంది. చోటు చూసిపోయే సంఘాన్ని కాదని దీన్ని తెచ్చింది ఎవరని వస్తుంది. నా బిళ్ళ, నా ఉద్యోగం. ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టింది? ఊపిరి తీసుకున్నంతసేపు కూడా పట్టలేదు. అంటే నేను ముందే సిద్ధపడి ఉన్నానా?

"కొంచెం తొందరపడి లేచానంటున్నాడు," అని ఇంగ్లీషులో చెప్పాను.

మేనేజరు తల దించుకున్నాడు. సాయన్న మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. తన మాటే చెబుతున్నానన్న నమ్మకంతో అవునన్నట్టు తలూపాడు. ఆ తలూపడంతో నా అబద్ధానికి సాక్షి కూడా దొరికాడు.

పనికి పనికిరాడని టికెట్ ఇచ్చి ఇంటికి పంపించారు. సీబ్ ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్ళాను. లోపలికి వెళ్ళేముందు నా చేయి పట్టుకున్నాడు. "నువ్వైతె నా దిక్కు మాట్లాడినవ్ సారూ. ఆళ్ళే ఇనలే. ఏం జేస్తం," అన్నాడు. నేను అతని చేతిలోంచి చేయి లాక్కోలేదు. నోరూ విప్పలేదు.

ఆ తర్వాత నేను మళ్ళీ తుపాకీ పట్టలేదు. దీన్ని ప్రాయశ్చిత్తం అనుకోకండి. భయం అంతే. ఒకటి రెండేళ్ళకు రూవిలో డబ్బు పంపే దుకాణం ముందు వరసలో అతని ఊరివాడొకడు కలిశాడు. సాయన్న మేకలు కాస్తున్నాడట. మస్కట్‌లో ఒక ఆంధ్రా సారు తన కోసం దొరతో కొట్లాడాడని ఊళ్ళో అందరికీ చెబుతుంటాడట. ఆ సారు మీరేనా అని అడిగాడు. అవునన్నాను. కాదని ఎలా అంటాను? అప్పుడైనా అసలు మాట చెప్పి పంపి ఉంటే? మేనేజరు ఇంకా అక్కడే ఉన్నాడు. కంపెనీ ఉంది. అప్పటికీ ఏదో ఒకటి జరిగేది. నేను వరసలో ముందుకు జరిగాను.

తొంభైల చివర్లో తిరిగొచ్చేశాను. పిల్లల చదువులు, ఇల్లు, మంచివాడన్న పేరు, అన్నీ అమిరాయి. అన్నీ ఆ ఉద్యోగం నిలబడటం వల్లనే. అన్నం ముందు కూర్చున్నప్పుడు ఒక్కోసారి ఈ లెక్క గుర్తొస్తుంది. రాకుండా చేసుకోవడం నేర్చుకున్నాను. అలాంటివి నేర్చుకోగలం, నమ్మండి.

ఇక్కడిదాకా రాయడం పూర్తయ్యాక నా భార్యకు చదివి వినిపించాను. ఆమె కూర తరుగుతూ వింది. మధ్యలో కత్తిపీట పక్కన పెట్టేసింది. చివర్లో ఒక్కటే అడిగింది.

"ఆయన ఉన్నాడా ఇప్పుడు?"

తెలియదన్నాను.

"కనుక్కోలేదా?"

"లేదు."

ఆమె లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను అక్కడే కూర్చున్నాను. గుండెల మీంచి ఏదో దిగినట్టయింది. చాలా తేలికగా ఉంది. అంత తేలికగా ఉన్నందుకు సిగ్గేసింది.