మా బావ జీర్ణశక్తి

మా అక్క మొగుడు పరుపుల దుకాణంలో సేల్స్‌మన్. అదే దుకాణం వెనక గదిలో నేను దిండు గలేబులు కుడతాను. ఉండేది కూడా వాళ్ళింటి పై వాటాలోనే. అందుకని ఆ ముఖం నాకు ఇంటా తప్పదు, బయటా తప్పదు. చుట్టాలందరికీ ఆయన పెద్దమనిషి. నా లెక్కలో మాత్రం తినడం, తూగడం, ఆ రెంటికీ మధ్య దొరికిన వాళ్ళకి నీతులు చెప్పడం తప్ప ఇంకో పని తెలియని మనిషి.

ఆయన భోజనం చూసి తీరాలి. ముద్ద నోట్లో పడిందో లేదో గొంతు దిగిపోయేది. అక్క కూర వడ్డించి గరిటె గిన్నెలో పెట్టేలోపు కంచం ఖాళీ.

"కాస్త నిదానంగా తినండి, ఎవరూ లాక్కుపోరు" అనేది అక్క.

"నా పొట్ట సంగతి నీకు తెలుసా, నాకు తెలుసా?" అనేవాడు.

తిన్న కాసేపటికి ఆ పొట్ట డోలులా బిగుసుకునేది. తేన్పులు వీధి చివరికి వినపడేవి. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మనిషి తడిసిన దూది మూటే. చెయ్యెత్తమంటే నీరసం, మెట్లెక్కమంటే ఆయాసం.

సరే, ఒంట్లో బాగాలేని మనిషిని ఎవరైనా జాలిగానే చూస్తారు. కానీ ఈయన ఫోన్లో ఏవో వీడియోలు చూసి, ఉన్నట్టుండి అరుగుదల మీద పండితుడైపోయాడు. వంటింటి గట్టు మీద పొడుల డబ్బాలు బారులు తీరాయి. పొద్దున్నే లేచి ముక్కు మూసుకుని ఏదో ఆకుపచ్చ రసం తాగేవాడు. తిన్నాక ఒంటికాలి మీద నిలబడేవాడు. అలా చేస్తే తిన్నది చకచకా కిందికి దిగుతుందట. దుకాణంలో కుట్టుపని వాళ్ళని కూడా వదల్లేదు.

"శక్తి ఎక్కడ పుడుతుందనుకుంటున్నారు? పొట్టలో. పొట్ట బాగుంటే మనిషి గుర్రం" అని మా మిషన్ల మధ్య నిలబడి చెప్పేవాడు, ఆవలింతలు ఆపుకుంటూ.

"మరి మా గుర్రం ఎందుకు బావా నిలబడే నిద్రపోతోంది?" అన్నాను ఒకసారి.

"కుట్టుపని చేసుకునేదానికి ఇవన్నీ అర్థం కావులే" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశమూ లేదు.

ఒకరోజు భోజనాల వేళ దాటాక కొత్తగా పెళ్ళైన జంట ఒకటి దుకాణానికి వచ్చింది. ఖరీదైన పరుపు చూపించమన్నారు. "ఇలా పడుకుంటే నడుముకి ఎంత సుఖమో చూడండి" అంటూ బావ దాని మీద వెల్లకిలా పడుకుని చూపించాడు. చూపించినవాడు మళ్ళీ లేవలేదు. రెండో మాటకే గుర్రు. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక మొగుడి భుజం వెనక ముఖం దాచుకుంది. అతను మాత్రం ఎంతో మర్యాదగా మా యజమానురాలిని అడిగాడు, "ఈయన కూడా పరుపుతో పాటే వస్తాడా అండీ?"

ఆవిడ నవ్వలేదు. మర్నాటి నుంచి బావకి గోదాములో పని. ఇంటికొచ్చి అక్కతో, దుకాణంలో దూది దుమ్ము తన జీర్ణశక్తిని దెబ్బతీసిందని చెప్పాడు. దుమ్ము అందరి ముక్కుల్లోకీ వెళ్తుంది, ఈయనకి మాత్రం పొట్టలోకి వెళ్ళిందట.

ఆ వారంలోనే అసలు సంగతి బయటపడింది. నేను కూడా వాళ్ళతో కలిసి భోంచేస్తున్నాను. బావకి ఉన్నట్టుండి మాంసం ముక్క గొంతుకి అడ్డం పడింది. కళ్ళు తేలేశాడు. అక్క కంగారుపడకుండా ఆయన్ని ముందుకి వంచి వీపు మీద గట్టిగా చరిచింది. ముక్క ఎగిరి కంచంలో పడింది. గిన్నెలోంచి ఎలా తీసి వడ్డించిందో అలాగే ఉంది, ఒక్క పంటి గాటు కూడా లేదు.

అక్క ఆ ముక్కని చూసింది, ఆయన్ని చూసింది. "నోరు తెరవండి" అంది.

"ఎందుకు?"

"తెరవండి."

తెరిచాడు. రెండు వైపులా దవడ పళ్ళు పుచ్చి నల్లగా పుట్టల్లా ఉన్నాయి. ఏళ్ళ తరబడి నమలడానికి పళ్ళే లేవు ఆ మనిషికి. నొప్పికి భయపడి అన్నీ మింగేయడం, ఆ భారమంతా పొట్ట మీద వేయడం, పైగా పొట్టదే తప్పన్నట్టు దానికి పొడులు పోయడం.

"పళ్ళ డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదు?" అని అడిగాను.

"పళ్ళకీ అరుగుదలకీ ఏంటి సంబంధం?" అన్నాడు. చూపు మాత్రం నేల మీదే ఉంది. భయం. గొంతు దాకా భయం. ఇంత విజ్ఞానమూ ఒక సూది చూడలేకే.

అక్క లాక్కెళ్ళినంత పని చేసింది. నేనూ తోడు వెళ్ళాను, ఆ దృశ్యం వదులుకోవడం ఇష్టంలేక. డాక్టరమ్మ చిన్నపిల్ల, మెత్తని మనిషి.

"నోరు చేయాల్సిన పని పొట్టతో చేయిస్తున్నారు. అందుకే తిన్నాక అంత బరువూ, మగతా" అంది. "పుచ్చినవి తీసేసి కొత్తవి పెడదాం. ఆ తర్వాత నెమ్మదిగా నమిలి తినండి. తినగానే వాలిపోకుండా నాలుగడుగులు వేయండి. అప్పటికీ తగ్గకపోతే పొట్టకి పరీక్షలు చేయించుకుందురు గాని."

సూది ఇంకా బల్ల మీద ఉండగానే మా బావ ఏడ్చాడు. అక్క చెయ్యి పట్టుకుని, చిన్నప్పుడెప్పుడో పోయిన వాళ్ళమ్మని పిలిచాడు. అక్క ఆయన నుదురు నిమురుతూ నిలబడింది. ఆ ఒక్క క్షణం నాకు కూడా ఏదో అనిపించింది. ఎక్కువసేపు కాదులెండి.

కొత్త పళ్ళు వచ్చాక మనిషి నిజంగానే మారాడు. నమలడం వల్ల తిండి తగ్గింది, ఉబ్బరం తగ్గింది, మధ్యాహ్నాలు కళ్ళు తెరుచుకున్నాయి. యజమానురాలు మళ్ళీ దుకాణంలోకి తీసుకుంది. ఇక చూడండి, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, డాక్టరమ్మ ఊసే లేదు, వీపు చరిచిన అక్క ఊసూ లేదు. "నమలడం అనే రహస్యం నేను కనిపెట్టాను" అని చుట్టాలకి ఫోన్లు చేసి చెబుతున్నాడు. వాళ్ళు ఔనౌనంటూ వింటున్నారు.

ఇప్పుడాయనకి ఒంట్లో శక్తి పొంగిపోతోంది. సాయంత్రం ఇంటికి రాగానే అక్క వెనకాలే తిరుగుతూ గిన్నెలు ఎలా తోమాలో, బట్టలు ఎలా మడవాలో నేర్పుతున్నాడు.

మొన్న అక్క మేడ మీదికొచ్చి నా పక్కన కూర్చుంది. మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది.

"ఏమైందే?" అన్నాను.

"ఏం లేదు. ఇదివరకు తినగానే పడుకునేవాడు" అంది.